నౌపడా చిన్నరైలు దారిలో ముత్తాతగారి కెమెరా

గురువారం, విజయనగరం

మా ముత్తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో తంతి సిగ్నలరుగా నౌపడా స్టేషనులో పనిచేశారు. ఆ రోజుల్లో ఆయన చేతికి వచ్చిన కొడాక్ మడత కెమెరా, దానితో తీసిన పోస్టుకార్డు పరిమాణపు ఫొటోలు, కొన్ని నెగెటివ్‌లు విజయనగరంలోని మా పెదనాన్నగారి ఇంట్లో ఒక భోషాణంలో ఇన్నేళ్ళుగా భద్రంగా ఉన్నాయి. ఫొటోల్లో ఎక్కువ భాగం, నౌపడా నుంచి పర్లాకిమిడికి తక్కువ వెడల్పు పట్టాల మీద నడిచిన చిన్నరైలు ఇంజన్లవే. ఇంజను ఏది, స్టేషను ఏది, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది ప్రతి ఫొటో అంచునా రాసి ఉంది గాని, ఆ ఇంజన్ల పక్కన నిలబడిన డ్రైవర్ల పేర్లు, బొగ్గు వేసే ఫైర్‌మన్ల పేర్లు ఒక్కదాని మీదా లేవు. ఆ ముఖాలను గుర్తుపట్టగల పెద్దలు ఆ దారిలో ఇంకా ఉంటే వారిని కలిసి పేర్లు రాసుకోవాలని, సంక్రాంతికి ఊళ్ళకు వచ్చినవారు తిరుగు ప్రయాణాలు కట్టకముందే బయలుదేరాను.

కెమెరా పేరు నంబర్ 3ఏ ఆటోగ్రాఫిక్ కొడాక్. 1914 నుంచి 1927 వరకు తయారైన రకం ఇది. దీని వెనుక తలుపు మీద సన్నటి రేకు మూత ఒకటి ఉంటుంది. ఫొటో తీసిన తరువాత ఆ మూత తెరిచి, కెమెరాతోపాటు ఇచ్చే లోహపు పుల్లతో ఫిల్ము వెనుక కాగితం మీద రాసి, కొన్ని సెకన్లపాటు వెలుతురుకు చూపితే, కాగితానికీ ఫిల్ముకూ మధ్య ఉన్న కార్బను పొర రాసినంత మేర మాత్రమే తొలగి, వెలుతురు ఫిల్ము మీద పడుతుంది. ఫొటో ముద్రించినప్పుడు ఆ రాత నల్లని అంచు మీద తెల్లని అక్షరాలుగా కనబడుతుంది. హెన్రీ గైస్మన్ కనిపెట్టిన ఈ పద్ధతి పేటెంటును జార్జ్ ఈస్ట్‌మన్ 3 లక్షల డాలర్లకు కొన్నారు. ఫొటోకు సంబంధించిన సమాచారం ఫొటో నుంచి ఎన్నటికీ విడిపోకుండా ఉండాలన్న ఆలోచన అంత విలువైనదని ఆయన నమ్మారన్నమాట. మా ఫొటోలు ఏ సంవత్సరానివో ఈ రోజు మేము సందేహం లేకుండా చెప్పగలుగుతున్నామంటే అది ఆ రేకు మూత చలవే.

ఆ రాత మా ముత్తాతగారిది కాదు. చిన్నరైలు మార్గాన్ని గుణుపురం దాకా పొడిగించే పని మీద వచ్చిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు తిరిగి స్వదేశానికి వెళ్ళిపోతూ ఈ కెమెరాను, ఫొటోలను, నెగెటివ్‌లలో కొన్నింటిని ముత్తాతగారికి ఇచ్చి వెళ్ళారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇంట్లో అందరికీ ఆయన ‘దొరగారే’. పాత కెమెరాలు కొనేవారి మధ్య, అమ్మేవారి మధ్య ‘దొరల కాలం నాటిది’ అన్న ఒక్క మాటతో ధర రెట్టింపు కావటం చాలాసార్లు చూశాను. అది నాకు ఏమాత్రం నచ్చదు. 3ఏ కొడాక్ అరుదైన కెమెరా కాదు, ప్రపంచమంతటా అమ్ముడైనది. ఒక కెమెరా ఎవరి చేతుల్లో తిరిగింది, ఏ ఊళ్ళో ఏది చూసింది అన్నదానికి ఆధారాలు ఉన్నప్పుడే దానికి విలువ. ఆ ఆధారాలు కెమెరాను దాని ఫొటోల నుంచి విడదీసి అమ్మిన రోజునే పోతాయి.

గంటస్తంభానికి దగ్గరలో ఫొటో స్టూడియో నడిపిన ఒక మాస్టారు నాకు ఈ విద్యలో గురువు. ఆయన దగ్గర బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీలు మొదలుకొని ఇత్తడి బిగింపులున్న కర్ర ఫీల్డ్ కెమెరా వరకు ఉన్నాయి. ఉదయమంతా ఆయన మా కెమెరాను పరీక్షించారు. చీకటి గదిలో కెమెరా లోపల చిన్న టార్చి వెలిగించి బయటనుంచి చూస్తే తోలు మడతల మూలల్లో రెండు చోట్ల వెలుతురు చుక్కలు కనబడ్డాయి. లోపలివైపు పలుచని నల్లగుడ్డ అతికించి వాటిని మూసేశారు. మన సముద్రతీరపు తేమలో లెన్సులకు పట్టే బూజు గురించి ఆయన ఎప్పుడూ హెచ్చరిస్తూనే ఉంటారు. అది వదిలిపెట్టే ఆమ్లం గాజును తినేస్తుంది కనుక, కెమెరాను తోలు సంచిలో కట్టిపెట్టటం కన్నా గాలి, వెలుతురు తగిలే అద్దాల బీరువాలో, తేమను పీల్చే సిలికా గుళికలతో ఉంచటం మేలంటారు.

ఈ కెమెరాకు సరిపడే 122 నంబరు ఫిల్ము తయారీ 1971లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికే 120 ఫిల్ము దానికన్నా వెడల్పు తక్కువ. మాస్టారు లేతు మిషను మీద కర్ర బిళ్ళలు తీయించి చుట్టకు రెండువైపులా తొడిగారు. అప్పుడు ఫొటో ఎత్తు ఆరు సెంటీమీటర్లకు తగ్గి, వెడల్పు మాత్రం పాతదే ఉండటంతో, రైలు పట్టాలకు తగినట్టుగా పొడుగాటి చిత్రం వస్తుంది. పాత ఫిల్ముకు ఎరుపు కనబడేది కాదు కాబట్టి వెనుక కిటికీకి ఎర్ర అద్దం పెట్టారు. ఇప్పటి ఫిల్ము ఎరుపును కూడా చూస్తుంది కాబట్టి ఆ కిటికీని నల్లటేపుతో మూయవలసి వచ్చింది.

పాత ఫిల్ముకు ఎరుపు కనబడకపోవటం వల్ల జరిగిన నష్టం కిటికీతో ఆగలేదు. ఆ రోజుల్లోని ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద ఎరుపు కలిసిన గోధుమవన్నె ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది. తెల్ల సూటు, తెల్ల ముఖం బాగా రావాలని వెలుతురు కొలిచి తీసిన ఫొటోలో పక్కనున్న మన కార్మికుల ముఖాలు మసిలో కలిసిపోయాయి. ముద్రించిన ప్రతుల్లో వారికి కళ్ళు కూడా కనబడవు. మాస్టారు నెగెటివ్‌లను స్కాను చేసి, పలుచగా ఉన్న భాగాలను మాత్రమే కొంచెం కొంచెంగా పైకి తెచ్చినప్పుడు, ఇంజను పెట్టె మెట్టు మీద కూర్చున్న ఒక మనిషి ముఖం, నుదుటి మీది గీతలు, ఎడమ చెవికి పోగు తెర మీదికి వచ్చాయి. ఇన్నేళ్ళుగా ఆయన ఆ నెగెటివ్‌లోనే ఉన్నారు. ముద్రించినవారు ఆయన కోసం చూడలేదు. అలా స్కాను చేసిన ముఖాలను విడివిడిగా పెద్దవి చేసి ముద్రించుకున్నాను. నెగెటివ్‌లను మాత్రం ఇంట్లోనే ఉంచాను. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, రైలు ప్రయాణంలో వెంట ఉండదగినది కాదు.

సాయంత్రం కంటోన్మెంటులో ఉంటున్న ఒక విశ్రాంత డ్రైవరు గారిని కలిశాను. వాల్తేరు షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు ఇంజన్లు పోయాక డీజిలు నడిపి పదవీ విరమణ చేసినవారు. ఆయన నడిపింది పెద్దలైను మీది డబ్ల్యూజీ రకం బొగ్గు ఇంజన్లనే గాని, చిన్నరైలు ఇంజను ఫొటో చూడగానే చదవటం మొదలుపెట్టారు.

“ఇదిగో బాబూ, పొడుగు ముక్కు నూనె డబ్బా పట్టుకున్నాయన డ్రైవరు. బయలుదేరే ముందు చుట్టూ తిరిగి నూనె పోసి, చేత్తో తడిమి చూసుకోడం ఆయన పని. మెట్టు మీద కూకున్నోడు ఫైర్‌మన్. మోకాలి కింద మసి సూడండి, పారతో బొగ్గేసినప్పుడు కాలు ఆనించే చోటది. పైన సేఫ్టీవాల్వు తెరుచుకుని ఆవిరి పోతన్నాది. అంటే నిప్పు బాగా చేశాడు, బండి కదలడానికి సిద్ధంగా ఉంది.”

బొగ్గు వేయటం బలంతో చేసే పని కాదని ఆయన చాలాసేపు వివరించారు. నిప్పుగూటిలో బొగ్గు మధ్యలో పలుచగా, మూలల్లోనూ తలుపు కిందా మందంగా ఉండాలి. ఒకేసారి గుమ్మరిస్తే గాలి ఆడక నల్లపొగ వస్తుంది, ఆవిరి పడిపోతుంది. ఎదురుగా గాజు గొట్టంలో నీటి మట్టం ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. నీరు తగ్గి నిప్పుగూటి పైకప్పు బయటపడితే అది కాలి మెత్తబడి ప్రమాదం వస్తుందని, అందుకోసమే అక్కడ సీసపు బిరడాలు బిగిస్తారని, అవి ముందుగా కరిగి ఆవిరి నిప్పు మీదికి చిమ్మి హెచ్చరిస్తుందని చెప్పారు. ఎక్కబోయే ఎత్తు ఎక్కడుందో తెలుసుకుని దానికి ముందే నిప్పు సిద్ధం చేసుకునేవాడు మంచి ఫైర్‌మన్. ఆ లెక్కన ఫైర్‌మన్‌కు దారి డ్రైవరుకన్నా బాగా తెలిసి ఉండాలి. ఈ మాట నేను నా పుస్తకంలో రాసుకున్నాను.

శుక్రవారం, నౌపడా

విజయనగరం నుంచి ఉదయం బండిలో బయలుదేరాను. నెల్లిమర్ల, చీపురుపల్లి, సిగడాం, పొందూరు దాటి, ఆమదాలవలస చేరేలోపు నాగావళి, ఆ తరువాత వంశధార వచ్చాయి. ఈ తీరపు రైలుమార్గం 1893, 1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో పడింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. ఆమదాలవలసలోని స్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరు. జిల్లా కేంద్రానికి రైలు చేరలేదు గనుక స్టేషనుకు ఊరి పేరు, దాని వెనుక రోడ్డు మిగిలాయి.

పర్లాకిమిడికీ అదే పరిస్థితి వచ్చింది. పెద్దలైను నౌపడా మీదుగా సాగిపోయి, సంస్థానపు రాజధాని పాతిక మైళ్ళ దూరాన ఉండిపోయింది. రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ గారు 1898లో ప్రభుత్వ అనుమతి తెచ్చుకుని, సంస్థానపు సొమ్ము 7 లక్షల రూపాయల ఖర్చుతో నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్నలైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న అది ప్రజలకు తెరుచుకుంది. పెద్దలైను వెడల్పు అయిదున్నర అడుగులు. తక్కువ వెడల్పు లైనుకు తేలికపాటి పట్టాలు చాలు, మలుపులు ఇరుకుగా తిప్పవచ్చు, కట్టలు, వంతెనలు చిన్నవైనా ఫరవాలేదు. అందువల్లనే ఒక జమీందారీ సంస్థానం తన ఖర్చుతో రైలు వేయగలిగింది. మొదటి సంవత్సరాల్లో నష్టాలే వచ్చాయి. 1910 తరువాత కొద్దిపాటి లాభాలు మొదలై, 1924-25 నుంచి పెరిగాయి. అప్పుడు 1929లోనూ 1931లోనూ రెండు దఫాలుగా మార్గాన్ని గుణుపురం దాకా పొడిగించారు. మా ఫొటోలు ఆ రెండో దఫా పని జరుగుతున్నప్పటివి.

చవకగా వేసిన లైనుకు అసలు ఖరీదు నౌపడాలో చెల్లించవలసి వచ్చేది. పెద్ద బండి పెట్టె చిన్న పట్టాల మీదికి రాదు, చిన్న పెట్టె పెద్ద పట్టాల మీదికి వెళ్ళదు. లోపలి నుంచి వచ్చిన ధాన్యం, కలప, తీరం నుంచి వెళ్ళే ఉప్పు, ప్రతి బస్తా ఇక్కడ ఒక పెట్టెలోంచి మరొక పెట్టెలోకి మనిషి తల మీదుగా మారవలసిందే. మా దగ్గరున్న ఒక ఫొటోలో రెండు లైన్ల మధ్య చెక్కబల్లల మీదుగా కళాసీలు వరుసగా బస్తాలు మోస్తూ ఉన్నారు. వెనుక ఉప్పు మళ్ళు, తెల్లని ఉప్పు రాసులు కనబడతాయి. అంచున ‘నౌపడా, జనవరి 1930’ అని ఇంగ్లీషులో ఉంది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధికారాన్ని ధిక్కరిస్తూ గాంధీజీ దండికి బయలుదేరింది అదే సంవత్సరం మార్చి 12న. ఈ ఫొటోలోని మనుషులు ఈ తీరపు ఉప్పును తామే బస్తాలకెత్తి, దాని మీద తమకు ఏ హక్కూ లేకుండా మోస్తున్నారు. ఫొటో తీసినవారి దృష్టి అంతా చెక్కబల్ల ఎత్తు మీద, పెట్టెల అమరిక మీద ఉంది. ఇంజనీరుగా ఆయన దానినే చూశారు. ఆయనను తప్పుపట్టాలని నాకు లేదు గాని, ఆ ఫొటోను నేటి మనం కూడా అదే చూపుతో చూస్తే మాత్రం అది తప్పే.

ఇప్పుడు నౌపడాలో చిన్నలైను లేదు. 1990ల తొలినాళ్ళలో బొగ్గు ఇంజన్ల స్థానంలో డీజిలు వచ్చింది. 2004లో చిన్నరైలు ఆగిపోయింది. పట్టాలు పెద్దలైనుగా మారి 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి బండ్లు మొదలయ్యాయి. స్టేషను మాస్టరు గారిని అడిగి, ఫొటోలో దూరంగా కనబడే చెట్ల వరుస, ఉప్పు మళ్ళ గట్టు ఆధారంగా దొరగారు నిలబడిన చోటు ఇంచుమించుగా పోల్చుకుని అక్కడ కెమెరాను ముక్కాలిపీట మీద నిలిపాను. ఈ కెమెరా మీద లెన్సు రంధ్రపు గుర్తులు 4, 8, 16, 32 అని పాత యూఎస్ (యూనిఫాం సిస్టం) పద్ధతిలో ఉంటాయి. ఆ వరుసలో ఒక్క 16 మాత్రమే ఇప్పటి ఎఫ్/16తో సరిపోతుంది, మిగిలినవి వేరు. నిండు ఎండలో నూరు వేగపు ఫిల్ముకు 16 దగ్గర సెకనులో నూరోవంతు సరిపోవాలి గాని, షట్టరు స్ప్రింగు వయసు వల్ల అది నిదానించి ఉంటుందని తలచి రంధ్రాన్ని ఒక మెట్టు చిన్నది చేసి 32 దగ్గర తీశాను.

మధ్యాహ్నం ఉప్పు మళ్ళలో పనిచేసే కుటుంబాల వీధిలో ఫొటోలు చూపాను. ముఖాలను ఎవరూ గుర్తుపట్టలేదు. ఒక తాతగారు మాత్రం బస్తా కింద తల మీద పెట్టుకున్న చుట్టకుదురును చూసి, “ఇది మా వోళ్ళ కట్టు కాదు బాబూ. మావోళ్ళు గుడ్డ నలచక్కెంగా మడత పెడతారు. ఈళ్ళు టెక్కలి అవతలనుంచొచ్చిన ముఠా అయ్యుండాల” అన్నారు. అక్కడున్న మిగతా పెద్దలూ ఆ మాటే ఖాయం చేశారు. ఆ వివరం ఫొటో ప్రతి వెనుక రాసుకున్నాను.

శనివారం, పాతపట్నం

గుణుపురం పాసింజరులో టెక్కలి, టెంబూరు మీదుగా పాతపట్నం చేరాను. మహేంద్రగిరి వరుస కొండలు టెక్కలి దాటినప్పటినుంచీ తోడుగా వస్తాయి. చిన్నరైలు ఉన్నప్పుడు ఎత్తు దగ్గర జనం దిగి నడిచి మళ్ళీ ఎక్కేవారని పెట్టెలో ఒకరు, అలా ఎన్నడూ లేదని మరొకరు వాదించుకున్నారు. నా చేతిలోని ఫొటోలు పెట్టె అంతా తిరిగి, కొంచెం నలిగి, నా దగ్గరికి వచ్చాయి. అందుకే అసలు ప్రతులు కాక నకళ్ళు తెచ్చుకోవటం మంచిదయింది.

పాతపట్నంలో రైల్వే కుటుంబాలు ఎక్కువగా ఉండే వీధికి ఒక టీ దుకాణం ఆయన వెంట తీసుకువెళ్ళారు. అక్కడ తొంభై దగ్గరపడిన ఒక పెద్దమ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పండక్కి వచ్చిన మనవలు, మునిమనవలు చుట్టూ చేరారు. ముందుగా ఇంజను ఫొటో మొత్తం చూపాను. ఆమె దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, “బండి మన బండే” అన్నారు, అంతే. అప్పుడు స్టూడియో మాస్టారు వెలికితీసిన ముఖాన్ని, మెట్టు మీద కూర్చున్న ఫైర్‌మన్‌ది, చేతికిచ్చాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

“మా అయ్య. ఎడం సెవికి పోగు సూడు. రెండో సెవికి కుట్టించుకోనేదు, సిన్నప్పుడు జొరమొచ్చి మానేసినారట.”

కొడుకు, ఆయనకే డెబ్భై దాటాయి, నెమ్మదిగా అడ్డు చెప్పారు. “అమ్మా, నువ్వు పుట్టకముందు ఫొటో ఇది. ఈయనకి ఇరవై అయిదు కూడా ఉండవు. నీకెలా తెలుస్తాది?”

“కూకునే తీరు సూడరా. మోకాలి మీద మోచెయ్యి, సెయ్యి కిందకి ఒదిలేసి. సచ్చిపోయిన రోజు పొద్దున కూడా అలాగే కూకున్నాడు.”

మాట నమ్మాలని నాకు ఎంత ఉన్నా, ఒక్కరి జ్ఞాపకం మీద పేరు రాయకూడదని నేను పెట్టుకున్న నియమం. ఆ సంగతి చెప్పి, మరేదైనా ఆధారం ఉందా అని అడిగాను. కొడుకు లోపలికి వెళ్ళి గోడకు ఉన్న ఫొటో దించి తెచ్చారు. పదవీ విరమణ చేసిన ఏడు పర్లాకిమిడిలోని స్టూడియోలో తీయించుకున్నదట. కుర్చీలో కూర్చున్న ముసలాయనకు ఎడమ చెవికే పోగు ఉంది. కుడి చెవి తమ్మె నున్నగా ఉంది. నుదుటి మీది గీతల్లో ఎడమ కనుబొమ్మ పైన చీలిపోయే గీత రెండు ఫొటోల్లోనూ ఒకే చోట ఉంది. నెగెటివ్ తిరగేసి ముద్రిస్తే చెవి మారిపోతుందని నాకు భయం ఉంది గనుక, పెద్ద ఫొటోలో ఇంజను నంబరు పలక సరిగానే చదవబడుతోందని మళ్ళీ చూసి నిర్ధారించుకున్నాను. ఆ తరువాతే పెద్దమ్మగారు చెప్పిన పేరును ఆవిడ మనవరాలి చేత ఫొటో వెనుక రాయించాను. ఆ పేరు వారి కుటుంబానిది కనుక ఇక్కడ రాయటం లేదు.

ఆమె చెప్పిన సంగతులు ఎన్నో ఉన్నాయి. నాన్న డ్యూటీకి వెళ్ళే ముందు అమ్మ అంబలి ముంతకు తడిగుడ్డ చుట్టి ఇచ్చేదట, ఇంజను వేడిలో కూడా అది చల్లగా ఉండేదట. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వేసిన కూత ఇంట్లోవారికి తెలిసేదని, ఆ కూత వినగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టేవారని చెప్పారు. వానాకాలంలో పట్టాలు జారితే ఇసుక గొట్టాల నుంచి ఇసుక వదలాలి. ఒకసారి గొట్టాలు తడిసి మూసుకుపోతే ఆయన దిగి, దోసిళ్ళతో ఇసుక చల్లుకుంటూ ఇంజను ముందు నడిచారట. దారి నిప్పు చూసేవాడికే బాగా తెలిసి ఉండాలని విజయనగరం డ్రైవరు గారు చెప్పిన మాటను ఆమెకు చెప్పాను. ఆమె తల ఊపి, “దారంతా ఆయన కాళ్ళకి తెలుసు” అన్నారు.

నూనె డబ్బా పట్టుకున్న డ్రైవరు ఎవరన్నది కూడా ఆమే చెప్పారు. నాన్నకు జోడు డ్రైవరు, టెంబూరు ఊరివాడు అన్నారు.

ఆదివారం, పర్లాకిమిడి మీదుగా టెంబూరు

పాతపట్నం నుంచి మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళి, పాతపట్నం, టెక్కలి ఇటు ఉండిపోయాయి. ఒకే రాజు వేయించిన రైలు అప్పటినుంచి రెండు రాష్ట్రాల్లో నడిచింది. ఇక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ విభజనకు మనసు ఒప్పక ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. రాజమందిరాన్ని బయటనుంచి చూసి, స్టేషను దగ్గర ఒక ఫొటో తీసి, ఆలస్యం చేయకుండా వెనుకకు మరలాను. ఈ లైను ఇంజన్లలో కొన్ని ఒడిశాలోని బరిపదలో ఉన్న చిన్నలైను మ్యూజియం పక్కన భద్రంగా ఉన్నాయి. వాటిని చూడటం మరొక యాత్ర.

టెంబూరులో పెద్దమ్మగారు చెప్పిన ఇంటివారు నన్ను మర్యాదగానే కూర్చోబెట్టారు గాని, ఫొటోలోని మనిషి తమ తాత కాదని గట్టిగా చెప్పారు. తమ తాత పాయింట్స్‌మన్ అని, పట్టాలు మార్చే పని చేశారని, ఇంజను ఎక్కలేదని, పైగా ఇంత పొడుగు కాదని అన్నారు. పక్కింటి పెద్దాయన మాత్రం వారి తాత అన్నగారు డ్రైవరుగా చేశారని, ఆయనకు పిల్లలు లేకపోవటంతో ఆ పేరు ఇంట్లో వినబడకుండా పోయిందని చెప్పారు. ఇంటావిడ దానికి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ పేరు పెన్సిలుతో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఇద్దరు చెప్పిన సాక్ష్యాలూ కింద రాశాను. గుర్తుపట్టిన సంతోషం కోసం సందేహాన్ని చెరిపేస్తే, నా తరువాత చూసేవారు ఆ పేరును నిజమని నమ్మేస్తారు. అంతకన్నా పేరు లేకపోవటమే నయం.

సోమవారం, శ్రీకాకుళం

శ్రీకాకుళంలో మా మేనత్త గారి ఇంట్లో ఫిల్ము కడిగాను. నౌపడాలో తీసినది చక్కగా వచ్చింది. పాత ఫొటో పక్కన పెడితే చెట్ల వరుస వంపు కూడా సరిపోయింది. పర్లాకిమిడి ఫొటో మీద ఒక మూల వెలుతురు మరక పడింది. తోలు మడతలో ఇంకొక చిల్లు ఉన్నట్టుంది, మాస్టారికి చూపాలి.

ఇప్పటి ఫిల్ము వెనుక కాగితానికి ఆ కార్బను పొర లేదు. రేకు మూత తెరిచి రాసినా ఏమీ పడదు. అందువల్ల ఫొటోల వెనుక మెత్తటి పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, అంచులో మాత్రమే రాస్తున్నాను. బాల్‌పెన్ను అదిమితే గీత ముందువైపు తేలుతుంది, సిరా కాలక్రమేణా కాగితంలోకి ఇంకి ఫొటోను పాడుచేస్తుంది. ప్రతి ఫొటో వెనుక మొదట మనిషి పేరు, ఊరు, చేసిన ఉద్యోగం, ఆ తరువాత చెప్పినవారు ఎవరు, ఏ ఆధారంతో చెప్పారు, చివరగా ఇంజను వివరం.

ఫైర్‌మన్ గారి ఫొటోను పెద్దదిగా ముద్రింపించి పాతపట్నం పంపాను. కళాసీల ఫొటో నకలు ఒకటి నౌపడా తాతగారికి, ఒకటి టెక్కలిలో ముఠా మేస్త్రీల కుటుంబాలను ఎరిగిన ఒక బంధువుకు ఇచ్చాను. చుట్టకుదురు కట్టును బట్టి ఊరు తెలిస్తే మనుషులు తెలియటం కష్టం కాదని ఆయన అంటున్నారు. మిగిలిన ఫొటోలు కాశీనగరం నుంచి గుణుపురం వరకు పొడిగించిన భాగానివి. వాటిలో వంతెన పని చేస్తున్న సవర కూలీల ఫొటో ఒకటి ఉంది, ముఖాలు అన్నిటికన్నా చీకట్లో ఉన్నది అదే. దాని నెగెటివ్‌ను స్కాను చేయటానికి మాస్టారు వచ్చే వారం రమ్మన్నారు. ముఖాలు వెలికి వస్తే, ఎండలు ముదరకముందే, సవర మాట్లాడగలిగిన ఒకరిని వెంటబెట్టుకుని ఆ వైపు వెళతాను.